గడి వాకిలి నుంచి గ్రామసభ దాకా

పోయిన నెల మన క్లబ్ సమావేశంలో "స్వతంత్ర దేశం, మంచి నాయకత్వం" అనే అంశం మీద మాట్లాడుకున్నాం గుర్తుందా? దాదాపు అందరం తిరిగి తిరిగి ఒకటే మాట దగ్గరికి వచ్చాం: "మనకు మంచి నాయకుడు రావాలి." నేనూ అదే అన్నాను, చప్పట్లు కూడా వచ్చాయి. రూముకు వచ్చాక ఆ మాట గురించి ఆలోచిస్తే ఏదో తక్కువైనట్టు అనిపించింది. "రావాలి" అంటున్నాం సరే, ఎక్కడి నుంచి రావాలి? ఎవరు తేవాలి? మంచివాడని తెచ్చుకున్నవాడు రెండేళ్లకే మారిపోతే అప్పుడేం చేయాలి?

ఈ ప్రశ్నలకు జవాబు వెతుక్కుంటూ రాసిన వ్యాసం ఇది. పెద్ద పెద్ద సిద్ధాంతాల జోలికి పోకుండా, మా ప్రాంతాన్నే పాఠంగా తీసుకున్నాను. మాది కామారెడ్డి జిల్లా దోమకొండ దగ్గర ఒక చిన్న ఊరు. 2016 దాకా నిజామాబాద్ జిల్లాలో ఉండేవాళ్లం. దోమకొండ అంటే చాలామందికి తెలిసేది గడికోట. లోపల కాకతీయుల కాలం నాటిదని చెప్పే మహాదేవుని గుడి ఉంది. ఈ కోటను బాగుచేసిన తీరుకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో అవార్డ్ ఆఫ్ మెరిట్ వచ్చింది. చిన్నప్పుడు స్కూలు నుంచి తీసుకుపోతే మేం దాన్ని ఫోటోలు దిగే చోటుగానే చూశాం. ఇప్పుడు అదే కోట దగ్గర మొదలుపెడదాం.

1. ఆరుగురు చక్రవర్తులు

దోమకొండ సంస్థానాన్ని ఏలింది కామినేని వంశం వాళ్లు. అంతకుముందు వాళ్ల కేంద్రం బిక్కనవోలు, అంటే ఇప్పటి భిక్కనూరు. ఆ వంశంలో కుతుబ్‌షాహీల కాలంలో కామినేని మల్లారెడ్డి అనే పాలకుడు ఉండేవాడు. ఆయన కవి కూడా. ఆయన కావ్యాల్లో ఒకటి 'షట్చక్రవర్తి చరిత్రము'. హరిశ్చంద్రుడు, నలుడు, పురుకుత్సుడు, పురూరవుడు, సగరుడు, కార్తవీర్యుడు, ఈ ఆరుగురి కథలు అందులో ఉంటాయి. మన తెలుగు క్లబ్‌లో ఎంతమందికి ఈ పేరు తెలుసో గానీ, మా ఇంటికి కొద్ది దూరంలోనే ఏలిన మనిషి "గొప్ప పాలకుడు ఎలా ఉంటాడు" అనే విషయం మీద కావ్యం రాశాడని తెలిసినప్పుడు నాకు భలే అనిపించింది.

ఈ ఆరుగురి పురాణ కథల్ని ఒకసారి పౌరుల వైపు నుంచి చూడండి. హరిశ్చంద్రుడు సత్యం కోసం రాజ్యాన్నే ఇచ్చేశాడు. ఆయన సత్యసంధతకు దండం పెడతాం. కానీ రాజ్యం చేతులు మారేటప్పుడు ఆ రాజ్యంలో ఉన్న జనాన్ని ఎవరూ అడగలేదు. కార్తవీర్యుడు మహావీరుడు, జమదగ్ని ఆశ్రమంలోని ఆవు మీద కన్నుపడి నాశనమయ్యాడు. ఆయన్ను ఆపడానికి పరశురాముడు గొడ్డలి పట్టుకుని రావాల్సి వచ్చింది.

నన్ను బాగా పట్టుకున్నది నలుడి కథ. భారతం అరణ్యపర్వంలో ఈ ఘట్టం ఉంది. నలుడు పుష్కరుడితో జూదానికి కూర్చుని వరసగా ఓడిపోతుంటాడు. పౌరులు మంత్రులతో కలిసి రాజుగారిని చూడాలని వాకిటికి వస్తారు. దమయంతి లోపలికి వెళ్లి, జనం వచ్చి నిలబడ్డారని చెబుతుంది. నలుడు పలకడు. మళ్లీ వస్తారు, మళ్లీ చెబుతుంది, మళ్లీ పలకడు. చివరికి జనం సిగ్గుతో, బాధతో ఇళ్లకు వెళ్లిపోతారు. నలుడు చెడ్డవాడు కాదు, మన సాహిత్యంలోని మంచి రాజుల్లో ఒకడు. కానీ మంచి రాజుకు బుద్ధి తప్పిన రోజున జనం చేతిలో ఉన్నది ఒక్కటే, వాకిట్లో నిలబడటం. తలుపు లోపలివాడు తీస్తేనే తెరుచుకుంటుంది.

ఈ దృశ్యాన్ని కొంచెం గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

2. గడులు పోయాయి, తర్వాత?

నిజాం రాజ్యంలో దాదాపు 40 శాతం భూమి నేరుగా ప్రభుత్వ రెవెన్యూ కింద ఉండేది కాదు. సుమారు 30 శాతం జాగీర్లు, సంస్థానాల వంటి వాటి కింద, సుమారు 10 శాతం నిజాం సొంత ఖర్చుల కోసం పెట్టుకున్న సర్ఫెఖాస్ కింద ఉండేది. చెరువులు తవ్వించి, గుళ్లు కట్టించి, కవుల్ని పోషించిన సంస్థానాధీశులు ఉన్నారు. వెట్టి చేయించుకున్న దొరలూ ఉన్నారు. ఎవరి పాలన పడుతుందన్నది మాత్రం జనానికి పుట్టుకతో వచ్చే అదృష్టమో దురదృష్టమో.

మా బాపమ్మ 1950 తర్వాత పుట్టింది, అయినా వాళ్ల అత్త చెప్పిన కథలు చాలా చెబుతుంది. వాళ్ల అత్తది వేరే ఊరు. "దొరకు దండం వెడితె పని అయితదని మా అత్త చెప్పేది. ఆయన మనసు మంచిగున్ననాడు అయితది, లేనినాడు కాదు. గంతే" అంటుంది. మా బాపమ్మ చదువుకోలేదు. ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరించుకుంటూ, బీడీలు చుట్టుకుంటూ చెప్పిన ఆ ఒక్క ముక్కలో రాచరికం మీద మనం రాయగల థీసిస్ అంతా ఉంది.

1947 ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది గానీ హైదరాబాద్ రాజ్యానికి రాలేదు. 1948 సెప్టెంబర్ 13న మొదలైన సైనిక చర్య 17న ముగిసింది. ఇక ఆశలన్నీ ఒక్కసారిగా లేచాయి. 1949లో జాగీర్ల రద్దు చట్టం వచ్చింది. అందులో జాగీరు అన్న మాట కింద సంస్థానాలు కూడా చేరాయి కాబట్టి దోమకొండ సంస్థానం కథ కూడా అక్కడితో ముగిసింది. 1950లో కౌలుదారుల రక్షణకు చట్టం వచ్చింది.

కానీ ఎన్నుకున్న ప్రభుత్వం మాత్రం వెంటనే రాలేదు. మొదట సైనిక గవర్నర్‌గా మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి, తర్వాత కేంద్రం నియమించిన ఎం.కె. వెల్లోడి పాలించారు. మొదటి సాధారణ ఎన్నికల తర్వాత 1952 మార్చిలో బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. అంటే రాచరికం పోయాక కూడా సుమారు మూడున్నరేళ్లు ఇక్కడి జనం తమ పాలకుణ్ణి తాము ఎన్నుకోలేదు.

ఆ 1952 ఎన్నికల్లో ఏం జరిగిందో చూడండి. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది. వాళ్లు 1951 అక్టోబర్‌లో సాయుధ పోరాటం విరమించి, పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. నల్గొండ నుంచి లోక్‌సభకు నిలబడ్డ రావి నారాయణరెడ్డికి ప్రధాని నెహ్రూ కంటే కూడా ఎక్కువ ఓట్లు వచ్చాయి. కొద్ది నెలల కిందటి దాకా తుపాకులతో తేల్చుకున్న గొడవను జనం కాగితం ముక్కతో తేల్చడం మొదలుపెట్టారు. 175 స్థానాల హైదరాబాద్ శాసనసభలో అధికార పక్షం ఉంది, దానికి ఎదురు అడిగే బలమైన ప్రతిపక్షమూ ఉంది.

అట్లని అంతా బాగైపోలేదు. అదే 1952 సెప్టెంబర్‌లో ముల్కీ ఉద్యమం మీద హైదరాబాద్‌లో కాల్పులు జరిగాయి, మనలాంటి విద్యార్థులు కూడా ఆ ఉద్యమంలో ఉన్నారు. ఎన్నికైన ప్రభుత్వం వచ్చి ఆరు నెలలే! అంటే మనవాళ్లే పాలకులైతే చాలు, అంతా చక్కబడుతుంది అనే ఆశ మొదటి సంవత్సరంలోనే దెబ్బతింది.

3. ప్రశ్నే మారింది

ఇక్కడ రాజ్యాంగ సభ వైపు ఒకసారి చూడాలి. 1949 నవంబర్ 25న అంబేద్కర్ చేసిన ప్రసంగం చాలామందికి తెలుసు. రాజ్యాంగం ఎంత మంచిదైనా నడిపేవాళ్లు చెడ్డవాళ్లైతే అది చెడ్డదే అవుతుందన్నారు. ఎంత గొప్ప మనిషైనా సరే, మన స్వేచ్ఛను తీసుకుపోయి ఆయన పాదాల దగ్గర పెట్టొద్దని కూడా హెచ్చరించారు. భక్తి ఆత్మకు మేలు చేయొచ్చు గానీ, రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి అని ఆయన మాటల సారాంశం. మర్నాడు రాజేంద్రప్రసాద్ కూడా నిజాయితీ గల మనుషుల అవసరం గురించి మాట్లాడారు.

గమనించారా? వాళ్లు మంచి నాయకుడు అక్కర్లేదనలేదు. మంచి నాయకుడు కావాలి, కానీ అతని మంచితనం మీదే ఇల్లు కట్టొద్దన్నారు. 1945లో కార్ల్ పాపర్ అనే తత్వవేత్త 'ద ఓపెన్ సొసైటీ అండ్ ఇట్స్ ఎనిమీస్' అనే పుస్తకంలో ఇదే విషయాన్ని ఇంకో తీరుగా చెప్పాడు. "ఎవరు పాలించాలి?" అన్నది ప్లేటో కాలం నుంచి అందరూ అడిగే ప్రశ్న. దాని బదులు "చెడ్డ పాలకుడు దొరికినా ఎక్కువ నష్టం చేయకుండా ఎలా ఏర్పాటు చేసుకోవాలి?" అని అడగమన్నాడు. మన షట్చక్రవర్తుల కథలన్నీ మొదటి ప్రశ్నకు జవాబులు. గణతంత్రం రెండో ప్రశ్నకు జవాబు.

కొత్త దేశాలు ఈ రెండింటి మధ్య ఎట్లా తడబడతాయో ఘనా చూపిస్తుంది. 1957 మార్చి 6న స్వాతంత్ర్యం వచ్చింది. ఎన్‌క్రుమా నిజంగానే పెద్ద నాయకుడు, ఆఫ్రికా అంతా ఆయన వైపు చూసింది. 1964కల్లా దేశంలో ఒకే పార్టీ, ఆయనే జీవితకాల అధ్యక్షుడు. తప్పును చెప్పే దారులు మూసుకుపోయాయి. 1966లో సైన్యం ఆయన్ను దించేసింది. తర్వాత పాతికేళ్లకు పైగా ఎన్నో కుట్రలు, సైనిక పాలనలు. అదే ఘనాలో 2000 నుంచి ఇప్పటికి నాలుగుసార్లు అధికార పార్టీ ఓట్లతో ఓడిపోయి, గొడవ లేకుండా అధికారం అప్పజెప్పింది. దొరికిన నాయకులంతా మహానుభావులని కాదు, దింపే దారి జనం చేతిలోకి వచ్చిందని.

మన దేశానికీ 1975 నుంచి 1977 దాకా అత్యవసర పరిస్థితి అనుభవం ఉంది. చివరికి ఎన్నికలు పెడితే కేంద్రంలో ప్రభుత్వం ఓడిపోయింది. వాకిట్లో నిలబడ్డ జనం తలుపు బయటి నుంచి తీయగలిగారు.

4. మన సబ్జెక్టు భాషలో

కంట్రోల్ సిస్టమ్స్ చదివినవాళ్లకు ఈపాటికి ఏదో గుర్తొచ్చే ఉంటుంది. మిగతావాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను.

హాస్టల్ రూములో ఫ్యాన్ రెగ్యులేటర్‌ను నాలుగు మీద పెట్టి పడుకుంటాం. తెల్లవారుజామున చలిపెట్టినా అది నాలుగు మీదే తిరుగుతుంది. రూములో పరిస్థితి ఏంటో దానికి తెలియదు. ఇది ఓపెన్ లూప్. ఫ్రిజ్ అట్లా కాదు. లోపలి వేడిని థర్మోస్టాట్ చూస్తుంది, కావాల్సిన దానికి తేడా వస్తే కంప్రెసర్‌ను ఆన్ చేస్తుంది, సరిపోగానే ఆపేస్తుంది. ఇది క్లోజ్డ్ లూప్. తేడాను కొలిచి వెనక్కి పంపడమే ఫీడ్‌బ్యాక్. రాచరికం ఓపెన్ లూప్. రెగ్యులేటర్ మంచి నంబర్ మీద ఉంటే హాయి, లేకపోతే భరించడమే. ప్రజాస్వామ్యం క్లోజ్డ్ లూప్.

కానీ ఫీడ్‌బ్యాక్ ఉంటే చాలదు, దానికీ రోగాలుంటాయి.

మొదటి రోగం ఆలస్యం. బాత్రూంలో గీజర్ కుళాయి తిప్పుతాం, వేడినీళ్లు రావు. ఇంకా తిప్పుతాం. ఒక్కసారిగా కాలిపోయేంత వేడి వస్తుంది. వెనక్కి తిప్పితే మళ్లీ చన్నీళ్లు. కుళాయి తప్పు కాదు, మనం తిప్పడానికీ నీళ్లు రావడానికీ మధ్య ఆలస్యం ఉంది. ఐదేళ్లకోసారి మాత్రమే మాట్లాడే ఓటరు కూడా ఇంతే. అప్పటిదాకా ఊరుకుంటాడు, తర్వాత ఒక్కసారిగా మొత్తం తిప్పేస్తాడు. శాంప్లింగ్ సిద్ధాంతం ప్రకారం ఒక సిగ్నల్‌ను సరిగా పట్టుకోవాలంటే దాని అత్యధిక ఫ్రీక్వెన్సీకి కనీసం రెండింతల వేగంతో శాంపిల్ తీయాలి. ఐదేళ్లకోసారి తీస్తే, పదేళ్ల కంటే వేగంగా మారే ఏ విషయమూ సరిగా కనపడదు. మా వీధి మోరీ ప్రతి వానాకాలం పొంగుతుంది. దానికి ఐదేళ్ల శాంపిల్ ఏం సరిపోతుంది చెప్పండి!

రెండో రోగం పొగడ్త. మైకును స్పీకర్ ముందు పెడితే కీచుమని కూత వస్తుంది కదా, అది పాజిటివ్ ఫీడ్‌బ్యాక్. వచ్చిన శబ్దమే మళ్లీ లోపలికి పోయి పెద్దదవుతుంది. నాయకుడి చుట్టూ ఆయన మాటనే ఆయనకు తిరిగి చెప్పేవాళ్లు ఉంటే అదే జరుగుతుంది. దిద్దేది నెగెటివ్ ఫీడ్‌బ్యాక్. మన మామూలు భాషలో నెగెటివ్ అంటే తిట్టు అనుకుంటాం. కంట్రోల్ సిస్టమ్స్‌లో స్థిరత్వానికి ఆధారం అదే.

ఈ పోలికకు ఒక హద్దు ఉందని ఒప్పుకోవాలి. ఫ్రిజ్‌లో సెన్సర్ లంచం తీసుకోదు. ఇక్కడ సెన్సర్లం మనమే. నోటు తీసుకుని, సీసా తీసుకుని, కులం చూసుకుని మనం తప్పు రీడింగ్ ఇస్తే సిస్టమ్ ఎంత మంచిదైనా తప్పు వైపే పోతుంది.

5. కామారెడ్డిలో కళ్ల ముందు జరిగినవి

ఇదంతా పుస్తకాల మాట అనుకోకండి. మా జిల్లాలోనే 2023లో రెండు సంఘటనలు జరిగాయి.

ఒకటి, కామారెడ్డి మున్సిపాలిటీ మాస్టర్ ప్లాన్ ముసాయిదా. చుట్టుపక్కల ఊళ్ల రైతుల పొలాలు కొన్ని అందులో ఇండస్ట్రియల్ జోన్‌లోకి వచ్చాయి. 2023 జనవరి మొదట్లో రైతులు కలెక్టరేట్ ముందు పెద్ద ఎత్తున ఆందోళన చేశారు. ఆ నెల మూడో వారంలో మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానం చేసింది. ప్లాన్ మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి నేను పోవడం లేదు. రోడ్డు మీద వచ్చిన సిగ్నల్ కౌన్సిల్ హాలు దాకా చేరిందన్నదే నా పాయింటు. అదే సిగ్నల్ ముసాయిదా తయారవుతున్నప్పుడే చేరి ఉంటే అంత బాధ, అంత గొడవ ఉండేవి కావన్నది కూడా పాయింటే.

రెండోది ఆ ఏడాది నవంబర్ 30న జరిగిన శాసనసభ ఎన్నిక. దోమకొండ మండలం కామారెడ్డి నియోజకవర్గంలోనే ఉంటుంది. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, తర్వాత ముఖ్యమంత్రి అయిన రేవంత్ రెడ్డి ఇద్దరూ ఇక్కడ పోటీ చేశారు. డిసెంబర్ 3న ఫలితం వస్తే ఆ ఇద్దరినీ ఓడించి స్థానికుడైన కాటిపల్లి వెంకటరమణారెడ్డి 6,741 ఓట్ల తేడాతో గెలిచారు. దేశమంతా మా ఊరి పేరు చెప్పుకుంది. ఏ పార్టీ మంచిదన్న వాదన ఈ వ్యాసానికి అక్కర్లేదు. ఒకే చోట ఇంత పెద్దవాళ్లను కాదనగల శక్తి మామూలు ఓటరుకు ఉందన్నది మాత్రం ఎవరూ కాదనలేరు. ఒకప్పుడు గడి ముందు చెప్పులు విడిచి నడిచిన మనుషుల మనవలు, మనవరాళ్ల చేతిలో ఆ శక్తి ఉంది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆ ఎన్నికలో నేను ఓటు వేయలేదు. ఆగస్టులోనే నాకు 18 నిండాయి. ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలు, జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1. ఫారం 6 నింపి ఉంటే నా పేరు చేరేది. కొత్తగా కాలేజీలో చేరిన హడావుడిలో "తర్వాత చూద్దాంలే" అనుకున్నాను. ఫలితం రోజు హాస్టల్ టీవీ ముందు "ఇది మా కామారెడ్డి!" అని గంతులు వేశాను. పక్కనున్న ఫ్రెండ్ "నువ్వు ఎవరికి వేశావ్?" అని అడిగేసరికి నోరు పెగల్లేదు. ఓటు వయసును 21 నుంచి 18కి తగ్గించడానికి రాజ్యాంగాన్నే 61వసారి సవరించారు, 1989లో అది అమల్లోకి వచ్చింది. నాలాంటివాళ్ల కోసం అంత పని చేస్తే, నేను ఒక ఫారం నింపలేకపోయాను.

6. సర్పంచ్ లేని ఇరవై రెండు నెలలు

1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ సిఫారసులు వచ్చాయి. 1959లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్‌ను షాద్‌నగర్ నుంచి మొదలుపెట్టింది. 1993 ఏప్రిల్ 24 నుంచి 73వ రాజ్యాంగ సవరణతో పంచాయతీలకు రాజ్యాంగ హోదా, ఐదేళ్లకోసారి తప్పనిసరి ఎన్నికలు వచ్చాయి. కాగితం మీద లూప్ ఊరి దాకా వచ్చింది.

కానీ తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల పదవీకాలం ముగిశాక వెంటనే ఎన్నికలు జరగలేదు. ఊళ్లు ప్రత్యేక అధికారుల చేతిలోకి పోయాయి. 2025 డిసెంబర్‌లో మూడు విడతలుగా ఎన్నికలు జరిగేదాకా, అంటే దాదాపు 22 నెలలు, ఊరికి ఎన్నుకున్న మనిషి లేడు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే 15వ ఆర్థిక సంఘం నిధులు కూడా వచ్చేవి కావు. మా ఊర్లో వీధి లైటు పోతే ఎవరికి చెప్పాలో తెలియదు. కార్యదర్శికి చెబితే "రాసుకున్నమ్మా" అనేవారు. ఆయన మాత్రం ఏం చేస్తారు! 1948 నుంచి 1952 దాకా మా ముత్తాతల కాలంలో ఉన్న ఖాళీ, చిన్న రూపంలో మళ్లీ మా కాలంలో వచ్చింది.

డిసెంబర్‌లో ఎన్నికలు రాగానే ఈసారి నేను బస్సెక్కి ఊరికి పోయాను. బాపమ్మతో కలిసి లైన్లో నిలబడ్డాను. సర్పంచుకు ఒకటి, వార్డు మెంబరుకు ఒకటి, రెండు కాగితాలు ఇచ్చారు. మధ్యాహ్నం ఒంటిగంటకు పోలింగ్ ముగిసింది, భోజనాలయ్యాక లెక్కింపు మొదలైంది, అదే రోజు ఫలితం తెలిసింది. నా జీవితంలో నేను చూసిన అతి తక్కువ ఆలస్యం ఉన్న ఫీడ్‌బ్యాక్ అదే.

7. గ్రామసభలో నేను నేర్చుకున్నది

2025 జనవరిలో రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్ల జాబితాల మీద రాష్ట్రమంతా గ్రామసభలు పెట్టినప్పుడు మా ఊర్లో కాలు పెట్టడానికి చోటు లేదు. ఈసారి కొత్త పాలకవర్గం వచ్చాక జరిగిన మొదటి గ్రామసభకు నేను సెలవుల్లో ఉండి వెళ్లాను. మొత్తం పాతిక మంది కూడా లేరు. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. ఆ సంగతి వచ్చినవాళ్లలో సగం మందికి తెలియదు, వారం కిందటి దాకా నాకూ తెలియదు. మన పేరు జాబితాలో ఉందా లేదా అన్నప్పుడు అందరం వస్తాం, ఊరి లెక్క చెప్పేటప్పుడు రాం.

మా వీధి మోరీ గురించి అడుగుదామని చీటీ మీద మూడు ప్రశ్నలు రాసుకుపోయాను. పని ఎప్పుడు మంజూరైంది, ఎంత ఖర్చయింది, ఎందుకు ఆగింది. లేచి నిలబడగానే చేతులు వణికాయి. సెమినార్‌లో వందమంది ముందు మాట్లాడినదాన్ని, ఇక్కడ పాతిక మంది ముందు గొంతు రాలేదు. వెనక నుంచి ఒక పెద్దాయన, "నువ్వు రేపు పెండ్లయి పోయేదానివి బిడ్డా, ఈ ఊరి మోరీ నీకెందుకు?" అన్నాడు. ఆయన తిట్టలేదు, ప్రేమగానే అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూర్చోబోయాను.

పక్కన మా బాపమ్మ ఉంది. డెబ్బై ఏళ్లు దాటాయి, గ్రామసభకు రావడం అదే మొదటిసారి. నాకు తోడుగా వచ్చింది, అంతే. కూర్చున్నచోటి నుంచే అంది: "అది పోతది తాతా, మోరీ పోదు గద! అడుగుతున్నది చెప్పుండ్రి."

మళ్లీ నవ్వారు, కానీ ఈ నవ్వు వేరు. కార్యదర్శి రిజిస్టర్ తెరిచారు. మంజూరైన తేదీ, మొత్తం చదివారు. పని ఆగడానికి కారణం వచ్చే సభలో చెబుతామని కొత్త సర్పంచ్ మాటిచ్చారు, నేను దాన్ని తీర్మానాల్లో రాయమని అడిగాను, రాశారు. మోరీ ఇంకా పూర్తికాలేదు. ఈ వ్యాసం విజయగాథ కాదు. కానీ వచ్చే సభకు ఆ వాక్యం రిజిస్టర్‌లో ఉంటుంది. ఇంటికి వస్తూ దారిలో బాపమ్మ, "దండం వెట్టకుంట అడిగినవ్, అయినా చెప్పిండ్రు" అంది. ఆ మాటలో ఆశ్చర్యం ఉంది. స్వతంత్రం వచ్చి ఇన్నేళ్లయ్యాక ఆమెకు ఆ ఆశ్చర్యం మిగిలి ఉండటం నాకు సంతోషమూ, సిగ్గూ రెండూ కలిగించింది.

ముగింపు

మొదట వేసుకున్న ప్రశ్నలకు నాకు దొరికిన జవాబు ఇది. మంచి నాయకుడు ఎక్కడి నుంచో రాడు. అడిగే మనుషులున్న చోట మామూలు మనిషి కూడా మంచి నాయకుడుగా ఉండక తప్పదు. అడిగేవాళ్లు లేనిచోట నలుడంతటివాడు కూడా పాచికల దగ్గరే కూర్చుంటాడు. కాబట్టి కొత్త దేశంలో మనం పెట్టుకోవాల్సిన ఆశ మనిషి మీద కాదు, మనిషి తప్పినప్పుడు దిద్దుకునే దారి మీద. ఆ దారి ఉంది. నడవకపోతే గడ్డి మొలుస్తుంది, అంతే.

మీరు ఈసారి ఊరికి వెళ్లినప్పుడు చేయగలిగిన పనులు నాలుగు రాస్తున్నాను. అన్నీ చేయనక్కర్లేదు, ఒకటి చేసినా చాలు.

ఓటరు జాబితాలో మీ పేరు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఫారం 6 నింపండి. హాస్టల్లో ఉన్నామన్న సాకు నేను వాడేశాను, మీరు వాడొద్దు.

మీ ఊరి గ్రామసభ తేదీ కనుక్కోండి. వెళ్లండి. ఒకే ఒక్క ప్రశ్న, తేదీతో, మొత్తంతో అడగండి. జవాబును తీర్మానాల్లో రాయించండి.

జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం 2005 ఉంది. 30 రోజుల్లో జవాబివ్వాలి. మన దగ్గర గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు.

వెళ్లేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లను ఒకరిని వెంట తీసుకుపోండి. ఎందుకో పైన చెప్పాను కదా.

వచ్చే గ్రామసభ రోజున నాకు ల్యాబ్ ఎగ్జామ్ పడేలా ఉంది. ఆ సంగతి ఫోన్లో చెబితే బాపమ్మ, "నువ్వు రాకున్నా మంచిదే, నేను వోత. ఆ చీటీల ఏం రాసినవో ఒకసారి చదివి వినిపియ్యి" అంది. మూడు ప్రశ్నలూ చదివాను. ఆమె రెండుసార్లు తిరిగి అప్పజెప్పింది.